పిల్లి ఉన్న ఇంట్లో క్రిస్మస్ ట్రీ నిలబడాలంటే ఏం చేయాలి? (ఇప్పటికి రెండుసార్లు పడింది)

పకోడీవాళ్ళమ్మ
డిసెంబర్ 9, రాత్రి 11:20

అందరికీ నమస్తే. మాది గుంటూరు. మా ఇంట్లో పకోడి అని ఒక గండుపిల్లి ఉన్నాడు, ఏప్రిల్‌లో మా స్కూటీ కింద దొరికాడు, అప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేవాడు, ఇప్పుడు పది నెలలు, నాలుగు కేజీలు. రంగు చూసి మా ఆయన పెట్టిన పేరు అది. వాడికిది మొదటి క్రిస్మస్. మాకు పెళ్ళయ్యాక మూడోది.

ట్రీ ప్లాస్టిక్‌దే, ఐదడుగులు, పెళ్ళయిన ఏడాది పట్నం బజారులో కొన్నాం. ఒకటో తారీఖున పెట్టి గాజు బాల్స్, తళుకు దండలు, సీరియల్ లైట్లు, పైన స్టార్ అన్నీ కట్టాం. నాలుగో తారీఖు తెల్లారుజామున ఐదింటికి ధబ్ మని చప్పుడు, లేచి చూస్తే ట్రీ నేల మీద, వీడు సోఫా మీద కూర్చుని తనకేం సంబంధం లేనట్టు కాలు నాక్కుంటున్నాడు. మళ్ళీ నిలబెట్టాం. నిన్న రాత్రి పన్నెండున్నరకి మళ్ళీ పడింది. ఆరు గాజు బాల్స్ పోయాయి, అందులో రెండు మా అత్తయ్యగారి పెళ్ళినాటివి. ఆవిడ ఏమీ అనలేదు, అదే భయంగా ఉంది.

ఇప్పటిదాకా చేసినవి చెప్తా. కమలా తొక్కలు చుట్టూ పెట్టా, వాటితో ఫుట్‌బాల్ ఆడాడు. కింద వంటింటి ఫాయిల్ పరిచా, ఒకరోజు భయపడ్డాడు, రెండోరోజు దాని మీదే పడుకున్నాడు. తిట్టా. శ్రద్ధగా విన్నాడు.

పదహారున మా ఇంట్లో సెమీ క్రిస్మస్ ప్రేయర్ ఉంది, నలభై మంది దాకా వస్తారు. ఈలోగా ఏదైనా దారి చెప్పండి. ట్రీ తీసేయమని, పిల్లిని వదిలేయమని మాత్రం చెప్పొద్దు ప్లీజ్.

సికింద్రాబాదీ
డిసెంబర్ 9, రాత్రి 11:52

నా ఇంట్ల మూడున్నయ్ అక్కా, వాటితోని నాకు ఇది ఏడో క్రిస్మస్, అందుకే చెప్తున్న. పిల్లి ఎక్కకుండ ఆపుడు నీతోని కాదు నాతోని కాదు. ట్రీ పడకుండ చూసుకునుడు మాత్రం అయితది. గంతవరకే ఆశ పెట్టుకో.

ప్లాస్టిక్ ట్రీకి కింద ఇచ్చే మూడు కాళ్ళ స్టాండ్ ఉత్తదే, పక్కన పారేయ్. ఇరవై లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ తీస్కో, దాంట్ల రాడ్ నిలబెట్టి చుట్టూ ఇటుకముక్కలు కుక్కి ఇసుక పొయ్యి. పైనుంచి ఎర్రగుడ్డ చుడితే ఎవ్వరికీ తెల్వదు. ఇసుక మీద మాత్రం అట్టముక్క గట్టిగ కప్పు, లేకుంటే మీవాడు దాన్ని బాత్రూం అనుకుంటడు, మా ఇంట్ల గది గూడ అయింది.

ఇగ రెండోది, ట్రీని కిటికీ పక్కకు జరిపి నడుంకాడ ఒకటి మెడకాడ ఒకటి గాలానికి వాడే నైలాన్ దారంతోని కిటికీ గ్రిల్‌కు కట్టెయ్. అమెరికాలోళ్ళు గోడకు మేకులు కొట్టుకుంట తిప్పలు పడతరు, మనకు ఇంటింటికీ గ్రిల్స్ ఉన్నయ్, వాడుకోవాలె.

గాజువి కింద కట్టిన్రా? నడుం కిందికి అన్నీ గుడ్డవి, ఉన్నివి, చెక్కవి కట్టాలె. మా దగ్గర కింద రెండడుగులు ఏమీ ఉండదు. మా ఆవిడ దాన్ని పిల్లుల కోటా అంటది.

డల్లాస్_బాబాయ్
డిసెంబర్ 10, ఉదయం 6:05

సికింద్రాబాదీ తమ్ముడూ, మేకులు కొట్టుకునే అమెరికా వాడిని నేనే, అద్దె ఇంట్లో కొడితే డిపాజిట్ పోతుంది అది వేరే కథ :)

మేం ఇక్కడ నిజం చెట్టే తెస్తాం, ఫ్రేజర్ ఫర్ అని, కొమ్మలు గట్టిగా ఉంటాయి, వాసన బాగుంటుంది. ఆ వాసనే మా ఇంటి కొంప ముంచేది, పిల్లికి అడవి ఇంట్లోకి వచ్చినట్టే కదా, బెరడుకి గోళ్ళు పెట్టి గీరుతుంది. దానికి తోడు స్టాండులో నీళ్ళు పోయాలి, తాజా చెట్టు మొదట్లో రోజుకి మూడు నాలుగు లీటర్లు లాగేస్తుంది, ఆ నిలవ నీళ్ళు పిల్లి వెళ్ళి తాగుతుంది, తన గిన్నెలో ఫిల్టర్ నీళ్ళు ఉన్నా సరే. చెట్టు నిలవుండటానికి నీళ్ళలో కలిపే పొడి ఏదైనా వేశారంటే ఇంక పశువుల డాక్టరు దగ్గరికే. అందుకని నేను స్టాండు మీద ప్లైవుడ్ ముక్క కోసి మూతలా పెట్టా. నిజం చెట్టు పెట్టేవాళ్ళ కోసం చెప్తున్నా, మీది ప్లాస్టిక్ కాబట్టి ఈ బాధ లేదు.

ఇక్కడ కొంతమంది పసిపిల్లల్ని కూర్చోబెట్టే మడత కంచె ఉంటుంది చూడండి, అది చెట్టు చుట్టూ పెడతారు. బయట పిల్లి, లోపల చెట్టు. మా దాంట్లో మాత్రం లోపల పిల్లి, లోపల చెట్టు.

ఉప్పుగాలి
డిసెంబర్ 10, ఉదయం 8:31

మాది విశాఖ అండి. మా చిన్నప్పుడు ప్లాస్టిక్ ట్రీ ఎక్కడిది, నాన్నగారు భీమిలి వైపు వెళ్ళి సరుగుడు కొమ్మ ఒకటి కొట్టించి తెచ్చేవారు, డబ్బాలో మట్టి పోసి పాతేవారం, దూది అంటిస్తే మంచు అయిపోయేది. ఆ సరుగుడుకి మా పిల్లి ఎప్పుడూ ఎక్కలేదు, కొమ్మలు సన్నం, బరువు ఆగదు, ఒకసారి ఎక్కబోయి జారి పడింది అంతే. ఇప్పటి ప్లాస్టిక్ ట్రీలకి లోపల ఇనప రాడ్డు, చుట్టూ మెట్లలాగ కొమ్మలు, పిల్లికి నిచ్చెన కట్టి ఇచ్చి ఎక్కొద్దంటే ఎలాగ?

ఒక చిట్కా. మా అమ్మ చెప్పింది, కుప్పింటాకు మొక్క తెలుసు కదా, గోడల పక్కన పిచ్చిమొక్కలాగ మొలుస్తుంది, కొందరు మురిపిండాకు అంటారు. దాని పచ్చి వేరు పీకి పిల్లి ముందు వేస్తే పొర్లుతుంది, చొంగ కారుస్తుంది, మైకం వచ్చినట్టు అయిపోతుంది. విదేశాల్లో ఏదో ఎండు ఆకు పొడి డబ్బాలు అమ్ముతారే, అలాగే. ట్రీకి దూరంగా ఇంకో మూల దాని గోకుడు చెక్క పెట్టి ఈ వేరు రుద్దండి, ఆ మూలే ఇష్టపడుతుంది.

గోడమీదిపిల్లి
డిసెంబర్ 10, ఉదయం 9:10

కుప్పింటాకు నిజమే, మా పెరట్లో ఆ మొక్క పీకిన రోజు వీధిలో పిల్లులన్నీ మా గోడ మీదే.

మూగజీవి_డాక్టరు
డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:15

నేను పశువైద్యుణ్ణి, ఇరవై ఏళ్ళ పైగా ప్రాక్టీసు. ట్రీ పడకుండా ఎలా కట్టాలో మీరంతా నాకంటే బాగా చెప్తున్నారు. ట్రీ మీద ఏముందో దాని గురించి నేను చెప్తా. ఎందుకంటే ట్రీ పడి చచ్చిన పిల్లిని నేనింతవరకూ చూడలేదు, తళుకు దండ మింగిన పిల్లుల్ని చూశాను.

ఆ వెండి రంగు దండ మెరుస్తుంది, కదులుతుంది, పిల్లి నమలడం మొదలెడుతుంది. పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలివైపు తిరిగి ఉంటాయి, నోట్లోకి వెళ్ళిన దారాన్ని అది బయటికి ఉమ్మలేదు, మింగాల్సిందే. ఒక కొస నాలుక మొదట్లోనో పొట్ట చివరో చిక్కుకుంటుంది, మిగతాది పేగుల్లోకి పోతుంది. పేగు దాన్ని ముందుకి నెట్టాలని చూస్తుంది, అది కదలదు. లంగా బొందు లాగితే గుడ్డంతా కుచ్చులు పడి ఒకచోటికి వచ్చేస్తుంది చూడండి, పేగంతా అలా అవుతుంది. ఆ తర్వాత దారం పేగుని కోసేస్తుంది. ఆపరేషన్ తప్ప మార్గం లేదు. కాబట్టి దండలు ఈ రోజే తీసేయండి. ఎత్తులో కట్టాం కదా అనుకోవద్దు. దారం, రిబ్బన్, గాలిపటం దారం అన్నీ ఇంతే. ఎప్పుడైనా నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం కొస వేలాడుతూ కనబడితే మాత్రం లాగొద్దు, కత్తిరించొద్దు, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వాంతులు, తిండి మానేయడం, మూల నక్కి కూర్చోవడం ఇవి గుర్తులు.

రెండోది సీరియల్ లైట్లు. మన గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు, బజారులో దొరికే సన్న వైరు సెట్లకి తొడుగు ఉల్లిపొర అంత ఉంటుంది. కొరికితే నాలుక, పెదవుల మూలలు కాలతాయి. ఆ పూట బాగానే ఉన్నట్టు కనబడి మర్నాటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, కాబట్టి షాక్ కొట్టిందని అనుమానం వచ్చినా చూపించాలి. ముందు మెయిన్ ఆపి ఆ తర్వాత పిల్లిని ముట్టుకోండి. బ్యాటరీవో, ఫోన్ చార్జర్‌కి పెట్టే 5 వోల్టులవో కొనుక్కుంటే హాయి. పడుకునే ముందు ప్లగ్గు పీకేయండి.

కుప్పింటాకు సంగతి నిజమే. వాసన చూడనిచ్చి, పది నిమిషాలు పొర్లనిచ్చి వేరు తీసేయండి, తిననివ్వొద్దు.

ఇప్పుడు అమ్మాయికి నా ప్రశ్నలు. రెండుసార్లూ పడిన టైములు చెప్పారు, ఐదు గంటలకి ఒకటి, అర్ధరాత్రి ఒకటి. ఈ రెండూ ఒకే కారణంతో పడ్డట్టు నాకనిపించడం లేదు. అర్ధరాత్రి పడినప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది? వాడికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందా?

నిజం_నిష్ఠూరం
డిసెంబర్ 10, మధ్యాహ్నం 3:40

పిల్లి అనేది ఎలకలు పట్టడానికి పెరట్లో ఉండాల్సిన జంతువు. హాల్లో పెట్టి దానికి పేరు పెట్టి దానికోసం సభ పెట్టి చర్చిస్తున్నారు. మా ఊళ్ళో అయితే గోనెసంచిలో వేసి పక్క ఊళ్ళో వదిలొస్తారు.

సికింద్రాబాదీ
డిసెంబర్ 10, మధ్యాహ్నం 3:44

మీ ఊరు పేరు చెప్పు అన్నా, మా మూడిట్ని అటు రాకుండ చూసుకుంట.

మోడరేటర్
డిసెంబర్ 10, సాయంత్రం 4:00

మొదటి పోస్టులోనే పిల్లిని వదిలేయమనొద్దని రాశారు. ఆ దారిలో ఇంకో పోస్టు వస్తే తీసేస్తాం.

పకోడీవాళ్ళమ్మ
డిసెంబర్ 10, రాత్రి 9:30

డాక్టర్ గారూ మీ పోస్టు చదివి స్కూల్ నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా దండలన్నీ పీకేశా. ఒకదానికి కొస లేదు, సుమారు ఒక జానెడు. మొదటి నుంచీ లేదో వాడు తిన్నాడో తెలీదు, ఇప్పుడు భయంగా ఉంది. మామూలుగానే తింటున్నాడు, దొడ్డికి వెళ్తున్నాడు.

మీరడిగింది. మొన్న రాత్రి పన్నెండున్నరకి క్యారల్స్ వచ్చారండి! మా చర్చి యూత్ వాళ్ళు, వ్యాన్ మీద స్పీకర్, డ్రమ్ములు, క్రిస్మస్ తాత వేషం అబ్బాయి, ఒక యాభై మంది. తలుపు తీయగానే డ్రమ్ము గుమ్మం దగ్గరే కొట్టారు, తాత చేతిలో గంట ఊపుతూ లోపలికొచ్చి చాక్లెట్లు విసిరాడు. పకోడి అప్పటిదాకా సోఫా మీద నిద్రపోతున్నాడు. వాడు ట్రీ మీదికి ఎక్కడం నేను చూడలేదు, పడ్డం చూశా. నేను అల్లరే అనుకున్నా, మా ఆయన కూడా చూశావా ఎంతమందిలో పరువు తీశాడో అన్నారు. ఇప్పుడు మీరడిగితే అర్థమవుతోంది, వాడు పారిపోయాడు పాపం, తలుపు దగ్గర జనం, దారి లేక పైకెక్కాడు. తర్వాత మంచం కింద నుంచి తెల్లారేదాకా రాలేదు. నేనేమో మర్నాడు తిట్టా కూడా.

ఆపరేషన్ ఇంకా చేయించలేదండి.

మూగజీవి_డాక్టరు
డిసెంబర్ 10, రాత్రి 10:12

మీరు చెప్పింది సరిగ్గా అదే. భయపడ్డ పిల్లి రెండే చూస్తుంది, ఎక్కడానికి ఎత్తు, దూరడానికి సందు. మీ హాల్లో అన్నిటికంటే ఎత్తుగా, లోపల దాక్కోవడానికి వీలుగా ఉన్నది ఆ ట్రీ. క్యారల్స్ మీ వీధికి ఏ రోజు వస్తారో చర్చిలో ముందే చెప్తారు కదా, ఆ రాత్రి పదింటికే వాణ్ణి పడగ్గదిలో పెట్టి తలుపు వేసేయండి, ఒక అట్టపెట్టె బోర్లించి కన్నం చేసి దుప్పటి వేయండి, నీళ్ళు, మట్టి ట్రే లోపలే పెట్టండి. సెమీ క్రిస్మస్ రోజూ అంతే. 24 రాత్రి మీ గుంటూరులో టపాసులు కూడా కాలుస్తారు, ఆ రోజు కిటికీలు కూడా వేయండి.

తెల్లారుజాము పడింది మాత్రం అల్లరే. పిల్లికి వేట వేళ తెల్లారుజాము, మునిమాపు. రాత్రి మీరు పడుకునే ముందు ఓ పావుగంట కర్రకి ఈక కట్టి బాగా పరిగెత్తించి, అలిసిపోయాక అన్నం పెట్టండి. వేట, తిండి, నాకుడు, నిద్ర ఇదీ వాడి వరస. కడుపు నిండి పడుకుంటే ఐదింటికి లేవడు. నీళ్ళు చల్లడం, కొట్టడం వద్దు, మీరంటే భయం పడుతుందే గానీ ట్రీ అంటే పడదు.

ఆపరేషన్ చేయించని గండుపిల్లి నిలువుగా ఉన్న ప్రతిదాని మీదా మూత్రం చిమ్ముతుంది, ట్రీ కింద వాసన చూడండి ఒకసారి. పండగ అవగానే చేయించండి. జానెడు దండ గురించి, రెండు మూడు రోజులు గమనించండి, ఒక్క వాంతి అయినా ఆగకుండా తీసుకెళ్ళండి.

కొత్తగా_వచ్చా
డిసెంబర్ 11, ఉదయం 7:20

నేను కొత్త మెంబర్‌ని. మా పక్కింటావిడ ట్రీ చుట్టూ కలరా ఉండలు వేస్తే పిల్లి రాదంది, పని చేస్తుందా? లేకపోతే ఫినాయిల్ తుడవడమా? కర్పూరం? కారం చల్లమని కూడా ఎక్కడో చదివా.

మూగజీవి_డాక్టరు
డిసెంబర్ 11, ఉదయం 7:34

నాలుగూ వద్దు!! టీ పక్కన పెట్టి రాస్తున్నా. కలరా ఉండ అంటే నాఫ్తలీన్, అది పిల్లి రక్తంలో ఎర్ర కణాల్ని పగలగొడుతుంది. ఫినాయిల్ తుడిచిన నేల మీద నడిచి పిల్లి పాదాలు నాక్కుంటుంది, పిల్లి లివరు ఆ రకం మందుల్ని విరగ్గొట్టుకోలేదు, కుక్కకి తట్టుకునేది కూడా పిల్లికి విషమే. కర్పూరం, నిమ్మనూనె, యూకలిప్టస్ నూనె అన్నీ అదే లెక్క. కమలా తొక్క పెట్టుకుంటే పర్లేదు, నూనె వద్దు. కారం కళ్ళలో పడితే పిల్లికెంత మంటో మీకూ అంతే. పక్కింటావిడకి కూడా చెప్పండి.

ఇదే చేత్తో ఇంకోటి, పండక్కి బొకేలు వస్తాయి, వాటిలో పెద్ద లిల్లీ పూలుంటే గుమ్మం బయటే ఉంచండి. ఆ పుప్పొడి ఒంటికంటుకుని నాకినా రెండు మూడు రోజుల్లో పిల్లి కిడ్నీలు పోతాయి. క్రిస్మస్‌కి ఎర్ర ఆకుల కుండీ అమ్ముతారే పాయిన్‌సెట్టియా, దాని గురించి భయపెడతారు గానీ అది నోరు మండించి వాంతి చేయించడం వరకే.

నానమ్మ_కబుర్లు
డిసెంబర్ 11, మధ్యాహ్నం 1:50

ఏవమ్మా గుంటూరమ్మాయ్, రెండ్రోజుల్నించీ చదువుతున్నా మీ గోల. మాది నరసాపురం దగ్గర, నాకు డెబ్బై మూడు, మనవడు ఈ ఫోన్లో పెట్టిచ్చాడు. ఇసకంటారు, ఇటుకలంటారు, తాళ్ళంటారు, కంచెలంటారు, మీ ఇళ్ళల్లో ఎవరికీ ఉట్టి గుర్తు రాలేదా? పాలు పెరుగు మేం ఏం చేసేవాళ్ళం, పిల్లికి చెప్పి చూసేవాళ్ళమా? పైన కట్టేవాళ్ళం. పిల్లి శాపాలకి ఉట్టి తెగుద్దా అన్నారు పెద్దాళ్ళు. కిందుంచడమెందుకు, పడుద్దని ఏడవడమెందుకు, చెట్టుని పైన వేలాడగట్టండి. అయిపోయె.

సికింద్రాబాదీ
డిసెంబర్ 11, మధ్యాహ్నం 1:58

నానమ్మా నీ కాళ్ళకు దండం. ఏడేండ్లు ఇసుక మోసిన్నే నేను.

డల్లాస్_బాబాయ్
డిసెంబర్ 11, రాత్రి 7:25

నవ్వకండి, ఇది నిజంగా ఉన్న పద్ధతి. పోలాండ్ దక్షిణాన పల్లెల్లో ఇప్పటి క్రిస్మస్ ట్రీ రాకముందు ఫర్ చెట్టు కొసని ఇంటి దూలానికి తలకిందులుగా వేలాడదీసి ఆపిల్ పళ్ళు, గింజలు కట్టి అలంకరించేవాళ్ళు. మా ఆఫీసులో పోలిష్ ఆయన చూపించాడు ఫొటోలు. వాళ్ళు పిల్లి కోసం చేశారో లేదో గానీ మన నానమ్మగారు అక్కడికి ఉట్టి దారిలో వెళ్ళారు.

పకోడీవాళ్ళమ్మ
డిసెంబర్ 11, రాత్రి 10:40

నానమ్మగారూ మీరు చదువుతున్నారా! చాలా సంతోషం. మా హాల్లో స్లాబుకి ఊయల కొక్కేలు రెండున్నాయి, మామయ్యగారు ఇల్లు కట్టించినప్పుడు వేయించారు, ఎన్నేళ్ళనుంచో ఖాళీగానే ఉన్నాయి. మా ఆయనకి మీ పోస్టు చూపిస్తే లేచి నిచ్చెన తెచ్చాడు, రాత్రి పదింటికి.

అనుమానాలు. ఐదడుగుల ట్రీ వేలాడదీస్తే కింద ఎంత ఖాళీ ఉండాలి? ఇంకోటి, అత్తయ్యగారు తలకిందులుగా మాత్రం వద్దన్నారు, స్టార్ నేల చూడకూడదట. సరే నిటారుగానే.

సికింద్రాబాదీ
డిసెంబర్ 11, రాత్రి 11:05

పిల్లి నిలబడ్డకాడి నుంచి ఐదారు అడుగులు ఎగురుతది అక్కా. మీ స్లాబు పదడుగులైతే ఐదడుగుల ట్రీ పెడితే కింద ఐదే మిగుల్తది, చాలదు. పైన మూడు ముక్కలే పెట్టు, ప్లాస్టిక్ ట్రీ మూడు పార్టులుగ వస్తది కదా, కింది పార్టు తీసెయ్, మూడడుగులైతది. గాజు బాల్స్ ఎగురుడు అందని పైభాగంలనే కట్టు. సోఫా, టీవీ బల్ల, ఫ్రిజ్ ఇవన్నీ చూసుకో, కింద నుంచి ఎగరకపోతే పక్కనుంచి ఎగురుతడు. తాడు ఒక్కటి వద్దు, రాడ్‌కు అడుగున చెక్కముక్క అడ్డం పెట్టి దాని నాలుగు మూలల నుంచి కట్టు, మీ ఊయల కట్టినట్టే.

గోడమీదిపిల్లి
డిసెంబర్ 11, రాత్రి 11:30

మూడు ముక్కలే పెట్టు అన్నావ్, మూడు పార్టుల్లో ఒకటి తీసేయ్ అన్నావ్, లెక్క తేడా కొడుతోంది గురూ.

సికింద్రాబాదీ
డిసెంబర్ 11, రాత్రి 11:33

రెండు ముక్కలే. నిద్ర మబ్బుల రాసిన.

పకోడీవాళ్ళమ్మ
డిసెంబర్ 13, రాత్రి 9:15

కట్టేశాం! కింద ఆరున్నర అడుగులు, అంతకన్నా తక్కువ పెడితే మా ఆయన తలకి తగులుతోంది. కింది కొమ్మలకి అత్తయ్యగారు పాత పట్టుచీర ముక్కలతో కుట్టిన బంతులు కట్టాం, గాజువి పైన. లైట్లు ఫోన్ చార్జర్‌వి, వైరు తాడు వెంబడే పైకి పోయి కర్టెన్ రాడ్ మీదుగా గోడకి. దండలు లేవు.

ఒక చిక్కు వచ్చింది కానీ. ఫ్యాన్ వేస్తే ట్రీ గిర్రున తిరుగుతోంది. కింద ఉన్నప్పుడు అది ఊరికే నిలబడేది, ఇప్పుడు తిరిగే ట్రీ అయింది, పకోడి నేల మీద కూర్చుని తల గుండ్రంగా తిప్పుతూ నలభై నిమిషాలు చూశాడు, కిచ్ కిచ్ మని పిచ్చికని చూసినప్పుడు చేసే చప్పుడు చేస్తున్నాడు. రెండుసార్లు ఎగిరాడు, అందలేదు.

ఉప్పుగాలి
డిసెంబర్ 13, రాత్రి 9:50

డిసెంబర్‌లో ఫ్యాన్ ఏటండీ బాబూ, ఆపేయండి! తప్పదంటే రాడ్డు అడుగు నుంచి సన్న నైలాన్ దారం రెండోవైపు కొక్కేనికి, ఒకటి గ్రిల్‌కి కట్టండి, తిరగదు. దారం కొసలు మాత్రం కత్తిరించేయండి, వేలాడితే మళ్ళీ డాక్టరు గారు టీ పక్కన పెడతారు.

పకోడీవాళ్ళమ్మ
డిసెంబర్ 17, ఉదయం 6:40

నిన్న సెమీ క్రిస్మస్ అయిపోయింది. నలభై అనుకుంటే అరవై మంది వచ్చారు. పాస్టర్ గారు వాక్యం మొదలుపెట్టే ముందు ట్రీ వైపు ఓ నిమిషం చూసి, తల్లీ ఇది ఎందుకలా ఎగిరిపోయింది అన్నారు, అందరూ నవ్వు. పిల్లలకి మాత్రం పిచ్చి నచ్చింది, కింద నిలబడి ఫొటోలు. పకోడి పడగ్గదిలో అట్టపెట్టెలో, తొమ్మిదింటికి వెళ్ళి చూస్తే వెల్లకిలా పడి నిద్ర. జానెడు దండ సంగతి, సోఫా జరిపితే కింద దొరికింది డాక్టర్ గారూ, బతికించారు.

మూగజీవి_డాక్టరు
డిసెంబర్ 17, ఉదయం 8:02

మంచి వార్త.

పకోడీవాళ్ళమ్మ
డిసెంబర్ 26, సాయంత్రం 5:30

హ్యాపీ క్రిస్మస్ అందరికీ, ఒకరోజు లేటు. అరిసెలు, జంతికలు అయిపోయాయి, లేకపోతే పంపేదాన్ని :)

ట్రీ పడలేదు. 24 రాత్రి టపాసులు మొదలవగానే వాడే నడుచుకుంటూ వెళ్ళి పెట్టెలో దూరాడు, నేను పెట్టలేదు కూడా. కానీ మేం ట్రీ మీద ఉన్న ధ్యాసలో పశువుల పాక సంగతి మర్చిపోయాం. అత్తయ్యగారు హాల్లో మూల వరిగడ్డి పరిచి మరియమ్మ, యోసేపు, గొర్రెల కాపరులు, ఒంటెలు, అన్నీ పేర్చారు. 25 పొద్దున చర్చి నుంచి వచ్చి చూస్తే పాకలో గడ్డి మీద ముడుచుకుని పకోడి. జ్ఞానులు ముగ్గురూ బోర్లా పడి ఉన్నారు, నమస్కారం చేస్తున్నట్టే ఉంది. బాలయేసు బొమ్మ వాడి పొట్ట దగ్గర భద్రంగా ఉంది. నేను తీసేయబోతే అత్తయ్యగారు ఆపారు, పడుకోనీ, గొడ్లపాకలో పిల్లి ఉండదా ఏంటి అన్నారు. గాజు బాల్స్ పోయిన తర్వాత ఆవిడ వాడి గురించి మాట్లాడిన మొదటి మాట అది.

సికింద్రాబాదీ
డిసెంబర్ 26, సాయంత్రం 5:41

ఫొటో ఏది? ఫొటో లేకుంట గింత కథ చెప్తే ఎట్ల?

నానమ్మ_కబుర్లు
డిసెంబర్ 26, రాత్రి 8:15

మంచి అత్తగారు దొరికారమ్మా నీకు.

పకోడీవాళ్ళమ్మ
జనవరి 8, రాత్రి 10:05

చివరి అప్‌డేట్. ట్రీ మొన్న దించేశాం. పకోడికి ఆపరేషన్ అయింది, డాక్టర్ గారు చెప్పినట్టే, మర్నాటికల్లా మామూలే, మెడకి కట్టిన గొట్టంతో గోడలన్నీ గుద్దుకుంటూ తిరిగాడు మూడు రోజులు. ట్రీ సర్దే అట్టపెట్టె హాల్లో పెట్టగానే అందులో కూర్చున్నాడు, ఇప్పటికి రెండు రోజులు, ట్రీ మంచం కింద పడుకుని ఉంది, పెట్టె వాడిది. వచ్చే ఏడాదికి అలవాటైన చెట్టు కదా అని ఆశ. కొక్కేలు మళ్ళీ ఖాళీ.

నానమ్మ_కబుర్లు
జనవరి 9, ఉదయం 5:50

కొక్కేలు ఖాళీగా ఎందుకమ్మాయ్, పెళ్ళయి మూడో క్రిస్మస్ అన్నావుగా, ఈ ఏడు ఊయల కట్టేయండి. చెట్టుకి ఇంకో చోటు చూద్దాం.

పకోడీవాళ్ళమ్మ
జనవరి 9, ఉదయం 7:12

నానమ్మగారూ 😂 టాపిక్ పిల్లి గురించండీ, పిల్లల గురించి కాదు. మోడరేటర్ గారూ, థ్రెడ్ లాక్ చేయండి.

మోడరేటర్
జనవరి 9, ఉదయం 9:00

లాక్ చేశాం. నానమ్మగారు అడిగిందానికి జవాబు ఉంటే కొత్త థ్రెడ్ పెట్టండి.